మింగని నోటితో జిన్‌ఫాండెల్ వేట

హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఈయన దోహాలో పెద్ద హోటల్లో వైన్లు కొనే పని చేసి రిటైరయ్యాడని ఎవరో చెబుతారు వాళ్ళకి. వచ్చి కూర్చుని, కాఫీ తాగి, చివరికి అసలు సంగతికొస్తారు. మంచి వైన్ ఏదో ఎలా కనిపెట్టాలి సార్ అని. నాకు తెలియదు బాబూ, నేను జీవితంలో ఒక్క గుక్క కూడా మింగలేదు అంటే ముందు నవ్వుతారు. తర్వాత నా మొహం చూసి ఆపేస్తారు. కొందరు నమ్మరు. నమ్మినవాళ్ళకి నా మీద గౌరవం పోతుంది. ఒకసారి రాసి పెట్టేస్తే వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ మళ్ళీ చెప్పుకునే బాధ తప్పుతుందని ఇవాళ కూర్చున్నాను.

మాది గోదావరి జిల్లా, మూడు తరాల క్రైస్తవ కుటుంబం. దోహాలో అల్ ముంతజాలో గది, చర్చీలన్నీ ఒకచోట ఉండే మెసైమీర్‌లో శుక్రవారం ఆరాధన. అక్కడి తెలుగు సంఘంలో నన్ను పెద్దగా పెట్టారు. ప్రభు బల్లకి, అంటే ఆరాధనలో రొట్టెతో పాటు అందరికీ పంచడానికి, ద్రాక్షరసం తయారుచేసే పని కూడా నాదే. నల్ల ద్రాక్ష తెచ్చి, ఉడికించి, చక్కెర వేసి, గుడ్డలో వడకట్టేవాణ్ణి. నా రసం మరీ తియ్యగా ఉంటుందని ఆడవాళ్ళు గొణిగేవారు. మిగతా రోజులన్నీ ఫ్రాన్సు, ఇటలీ, చిలీ సీసాలకి ఆర్డర్లు పెట్టేవాణ్ణి. ద్రాక్షతో నాకున్నంత సంబంధం సంఘంలో ఇంకెవరికీ లేదని మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, అందరి ముందూ అనేవారు. ఆయన అన్నది పొగడ్తో ఎత్తిపొడుపో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు ముందు ఏడాది సంగతిది. దోహా అంతా క్రేన్లు, దుమ్ము, రోజుకో దారి మళ్ళింపు. హోటళ్ళు మాత్రం కరోనా రోజుల దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. గదులు ఖాళీ, యజమానుల చేతిలో కత్తెర. మా మేనేజరు లెబనాన్ మనిషి. మంచివాడే, నిద్రపోతున్నంత సేపూ. ఒకరోజు మీటింగు పెట్టి, స్టోర్లో ఇద్దరెందుకు, ఒకరు చాలు, కొత్త బుకింగులు రాకపోతే రెండోవాణ్ణి పంపించేద్దాం అన్నాడు.

ఆ రెండోవాడు, స్టోర్లో నా కింద పనిచేసేవాడు, జగిత్యాల వైపు మనిషి. ముప్ఫయ్యేళ్ళు దాటినవాడు. ఖతార్‌కి మొదట వచ్చింది స్టీల్ కట్టే పనికి. ఊరికి దక్షిణాన కట్టిన ఒక స్టేడియంలో ఎండలకి మాడి పనిచేశాడు. ఆ కాంట్రాక్టు అయిపోయాక కంపెనీ మారి మా స్టోర్లో చేరాడు. ఊళ్ళో తల్లికి ఖతారైనా కువైటైనా దుబాయే. దుబాయ్‌ల ఆట ఎప్పుడైపోతది బిడ్డా అని ఫోన్లో అడిగేదట. అతనికి ఉన్న కోరిక ఒక్కటే. కప్పు జరిగేదాకా ఈ దేశంలో ఉండాలి, ఆట జరిగే రోజు ఆ స్టేడియంలోకి మనుషుల్లో మనిషిగా ఒక్కసారి వెళ్ళాలి. "ఫుట్‌బాల్ నాకేం సమజ్ గాదు సార్. గని పోవాలె," అనేవాడు. ఎందుకంటే నవ్వి ఊరుకునేవాడు. తను కట్టింది తను చూసుకోవాలని అందరికీ ఉంటుంది కదా, అదేననుకున్నాను. ముందే పంపించేస్తే ఆ కోరిక అక్కడితో సరి.

సరిగ్గా అప్పుడే అమెరికా పెద్దాయన దిగాడు. ఒక కంపెనీ తన ఖాతాదారుల్ని కప్పు చూపించడానికి తీసుకొస్తోందట. నెలంతా రెండు అంతస్తులు కావాలి. హోటళ్ళు చూసి రమ్మని ఈయన్ని పంపింది. తెల్లటి మీసం, నెమ్మదైన మాట, ఏది చూపించినా తల ఊపడం. గదులకి తల ఊపాడు, ఈతకొలనుకి తల ఊపాడు. భోజనం దగ్గర మాత్రం జిన్‌ఫాండెల్ ఉందా అని అడిగాడు. ఉందని మావాళ్ళు గర్వంగా తెచ్చి పోశారు. అది గులాబి రంగుది, తియ్యటిది, చల్లగా తాగేది. ఆయన గ్లాసు కేసి చాలాసేపు చూశాడు. ఇది మా ఆవిడకి ఇష్టం, నాకు కావలసింది ఎర్రది అన్నాడు.

నాకు అప్పటికి తెలిసిందల్లా జిన్‌ఫాండెల్ ఒక ద్రాక్ష పేరని. అదే ద్రాక్షతో తొక్కల్ని వెంటనే తీసేసి గులాబి రంగుది చేస్తారు, తొక్కలతో నానబెట్టి నల్లటి ఎరుపుది చేస్తారు. గులాబిది చవక, ఎరుపుది పరువు. ఆ ఎరుపుది కూడా పండిన చోటుని బట్టి మారిపోతుందని ఆయన భోజనమంతా చెబుతూనే ఉన్నాడు. పోతూ పోతూ మేనేజరు భుజం తట్టి, మూడు నాలుగు నెలల్లో మళ్ళీ వస్తాను, అప్పుడు నాకు వేరువేరు ప్రాంతాల జిన్‌ఫాండెల్ రుచి చూపించండి, అతిథిని మీరు ఎలా చూసుకుంటారో నాకు తెలిసిపోతుంది అన్నాడు.

మేనేజరు ఆయన్ని కారెక్కించి సరాసరి నా దగ్గరికొచ్చాడు. మా రెస్టారెంటులో వైన్ల సంగతి చూసుకునే నిపుణుడు అంతకు రెండు నెలల ముందే వేరే హోటల్‌కి వెళ్ళిపోయాడు, ఆ ఖర్చు మిగిలిందని ఇంకొకరిని తీసుకోలేదు. కాబట్టి హోటల్ మొత్తంలో వైన్ గురించి తెలిసినవాణ్ణి నేనే అని తేల్చాడు. నేను తాగనని చెప్పాను. అదే మంచిది, ఖర్చు తక్కువ అన్నాడు.

మీరు ఇప్పుడు ఇంటర్నెట్లో వేలు పెడితే ప్రపంచంలోని సీసాలన్నీ కనబడతాయి. కనబడటం వేరు, ఖతార్‌కి రావడం వేరు. అక్కడ మందు అనుమతి ఉన్న హోటళ్ళలోనే దొరుకుతుంది. మేం కొనాల్సింది కూడా ఒకే ఒక్క దిగుమతి కంపెనీ గుమ్మం దగ్గర. వాళ్ళ గోదాములో లేనిది మాకు లేనట్టే. వెళ్ళి జిన్‌ఫాండెల్ అంటే వాళ్ళ సేల్స్‌మన్, ఒక మలయాళీ, సంతోషంగా గులాబి రంగు సీసాల గుట్ట చూపించాడు. ఎర్రది కావాలి, నాలుగు ప్రాంతాలవి కావాలి అన్నాను. సార్, ఈ ఊళ్ళో ఎర్ర వైన్ అడిగేవాళ్ళు ఫ్రాన్సుది అడుగుతారు, అడగనివాళ్ళు బీరు తాగుతారు, మీకెందుకీ గొడవ అన్నాడు. నాక్కూడా అదే అనుమానం.

అయినా పట్టుదల వచ్చింది. చదివాను. కాలిఫోర్నియాలో లోడై అనే చోట ఇసక నేల, ముసలి తీగలు. డ్రై క్రీక్ అనే లోయలో పొగమంచు, రసంలో కాస్త కారం. అమడోర్ అనే కొండవాలు ప్రాంతంలో ఒకప్పుడు బంగారం తవ్వేవారట, అక్కడి వైన్ చిక్కగా ఘాటుగా ఉంటుంది. ఇక పటంలో బూటులా కనిపించే ఇటలీకి మడమ దగ్గర ఇదే ద్రాక్షని ప్రిమిటివో అంటారు. రెండూ ఒక్కటేనని శాస్త్రవేత్తలు తేల్చినా రెండు దేశాలవాళ్ళూ ఒప్పుకోవడానికి కష్టపడుతున్నారు. ఈ నాలుగూ పెడదామనుకున్నాను. సేల్స్‌మన్ తిట్టుకుంటూనే తన పాత నమూనాల్లోంచీ, రాబోయే సరుకు నమూనాల్లోంచీ కొన్ని తీసి, వచ్చి రుచి చూసుకోమన్నాడు.

ఇక్కడ నాకు ధర్మసందేహం వచ్చింది. వైన్ వాళ్ళు రుచి చూసి ఉమ్మేస్తారు, మింగరు. అది నాకు కుదురుతుందా అని శుక్రవారం మా అయ్యగారిని అడిగాను. ఆయన గడ్డం గోక్కున్నారు. "మింగకపోతే తప్పు లేదు గానీ, నోరు బాగా పుక్కిలించి రండి. ప్రార్థనలో మీ పక్కన నిలబడేది నేనే," అన్నారు.

ఒక్కడి నోరు, అదీ ఉమ్మేసే నోరు, ఎంతవరకు నమ్మగలం? తోడుగా స్టోర్ అతన్ని తీసుకెళ్ళాను. అతనికి కల్లు తెలుసు. ఊళ్ళో పొద్దున్నే ఈత కల్లు, సాయంత్రం తాటి కల్లు తాగి పెరిగినవాడు. సేల్స్‌మన్ వెండి బిందెలాంటిది ఒకటి మా మధ్య పెట్టి, అందులో ఉమ్మాలన్నాడు. నేను ఉమ్మాను. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఉమ్ముడేంది సార్, పాపం తగుల్తది," అని గటగటా మింగేశాడు. ఒకే బల్ల దగ్గర ఇద్దరు తెలుగువాళ్ళం, ఒకడికి మింగితే పాపం, ఇంకొకడికి ఉమ్మితే పాపం.

సేల్స్‌మన్ చెప్పే పళ్ళ పేర్లు మేం ఎప్పుడూ తిననివి. అందుకని మా మాటల్లోనే చూసుకున్నాం. లోడై సీసా నేరేడుపళ్ళు బెల్లంలో ఉడకబెట్టినట్టు ఉందన్నాడు అతను. లోయ సీసాలో మిరియాలున్నాయన్నాడు. కొండవాలుది గొంతులో మండుతూ దిగిందట. ఇటలీదాంట్లో ఎండుద్రాక్ష, పొగాకు. నాకు నాలుగూ చేదూ పులుపే. అతను ఏ గ్లాసుని రెండోసారి అందుకుంటే అది మంచిదని లెక్క వేసుకున్నాను. అలా ఒక్కో ప్రాంతంలో మూడేసి సీసాలు చూసి ఒక్కోటి ఎంచాం. చివర్లో సేల్స్‌మన్ తన గులాబి రంగుది కూడా ఒక గ్లాసు పోశాడు. అంతా అయ్యాక ఇన్నిట్లో నీకు బాగా నచ్చింది ఏదయ్యా అని అడిగాను. "నిజం జెప్పాల్నా సార్? అన్నిట్లకెళ్ళి ఆ గులాబిరంగుదే మంచిగున్నది," అన్నాడు. సేల్స్‌మన్ నా మొహం చూడకుండా గ్లాసులు సర్దుకున్నాడు.

ఎంచిన నాలుగూ ప్రత్యేకంగా తెప్పించాలి. కంటైనరు ఎక్కడో ఆగింది, కాగితాలు ఇంకెక్కడో ఆగాయి. రోజూ ఫోన్ చేయడం, ఇన్షా అల్లా అనిపించుకోవడం. పెద్దాయన రావడానికి వారం ముందు చేరాయి, ఒక్కోటి రెండేసి సీసాలు. ఇంకా రెస్టారెంటు మెనూకి ఎక్కలేదు కాబట్టి అక్కడి వైన్ గదిలోకి తీసుకోబోమన్నారు. మా స్టోర్లోనే చల్లటి అరలో, వెనిగర్ సీసాల పక్కన పడుకోబెట్టాం. వాటిని చూస్తే నాకు గర్వంగా ఉండేది. నేను ఎప్పటికీ మింగనివాటి మీద అంత ప్రేమ ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఆ వారమే బల్దియా వాళ్ళు, అంటే అక్కడి మునిసిపాలిటీ వాళ్ళు, తనిఖీకొచ్చి, తేదీ లేని వెనిగర్ సీసా ఒకటి పట్టుకుని మేనేజరుని నలుగురిలో కడిగేశారు. మళ్ళీ వస్తామని చెప్పి పోయారు. మేనేజరు వెంటనే ఒక రూలు పెట్టాడు. గడువు తేదీ అచ్చువేయని సీసా ఏదైనా సరే, దాని మీద ఉన్న సంవత్సరం నుంచి రెండేళ్ళు దాటితే స్టోర్లో కనబడకూడదు, పనికొచ్చేదైతే కిచెన్‌కి, లేకపోతే చెత్తకి. స్టోర్ అతన్ని ఎదురుగా నిలబెట్టి, ఈసారి ఒక్క సీసా దొరికినా నువ్వు విమానం ఎక్కుతావు అన్నాడట.

నేను శుక్రవారం మెసైమీర్‌లో ద్రాక్షరసం వడకడుతున్నాను. శనివారం సాయంత్రం పెద్దాయన విందు. ఆ శనివారం పొద్దున స్టోర్‌కి వెళ్ళేసరికి అతను కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు.

"సార్, ఇప్పుడే బల్దియోళ్ళు వచ్చి పోయిన్రు. ఒక్క మాట అనలే," అన్నాడు.

మంచిదే కదా అన్నాను. అరలోకి చూశాను. లోడై సీసాలు రెండే పడుకుని ఉన్నాయి. మిగతావేవి అని అడిగాను.

"అవి ఎక్స్‌పైరీ అయినయ్ సార్. అన్నీ నాలుగేండ్లు, ఐదేండ్ల కిందియి. పారవోస్తే పైసల్ నష్టమని నిన్న కిచెన్ల ఇచ్చిన," అన్నాడు. లోడైది కొత్త ఏడాదిది కాబట్టి బతికిపోయింది.

వైన్ పాతబడితే మంచిదని అతనికి ఎవరు చెప్పాలి? అతనికి తెలిసిన మందు పొద్దున దించితే సాయంత్రానికి పులిసిపోయేది. రూలు పెట్టినవాడు వైన్‌కి మినహాయింపు చెప్పలేదు. నేను చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ ఆరు సీసాలు ఏమిటో అతనికి తెలియదా అంటే తెలుసు. మనం ఎంచినవేనని నాతో అన్నాడు కూడా. ఎంచినవైనా గడువు దాటితే దాటినట్టే కదా అని అతని నమ్మకం. కిచెన్‌కి పరిగెత్తాను. ఆ రెస్టారెంటు కిచెన్లో కొన్ని వంటకాలకి వైన్ వాడతారు. ఆ సాయంత్రం విందుకోసమే పెద్ద గిన్నెలో బీఫ్ రాత్రి నుంచి సన్నటి సెగ మీద ఉడుకుతోంది. వాసన మాత్రం అద్భుతం. వంటాయన నన్ను చూసి, ఇవాళ సాస్ ఎందుకో బాగా కుదిరింది అన్నాడు.

మేనేజరుకి చెప్పక తప్పలేదు. ముందు తెల్లబోయాడు, తర్వాత అరబ్బీలో, ఫ్రెంచిలో, చివరికి ఇంగ్లీషులో అరిచాడు. ఆ రూలు మీదే కదా అన్నాను. అది వెనిగర్ కోసం పెట్టింది అన్నాడు. అందులో వెనిగర్ అనే మాట లేదు అన్నాను. నాకు అప్పుడు నిజంగా కోపమొచ్చింది. చెప్పింది చెప్పినట్టు చేసినవాణ్ణి శిక్షించడం ఎక్కడి న్యాయం అని గట్టిగానే అడిగాను. కాసేపు అటూ ఇటూ తిరిగి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఖాళీ సీసాలు ఎక్కడికీ పోలేదు కదా, లోడైని నాలుగు సీసాల్లో పోసి నాలుగు గ్లాసుల్లో వడ్డించు, నీకు నాలుగు ఊళ్ళ కథలూ వచ్చు, చెప్పు అన్నాడు. పెద్దాయన మెచ్చుకుంటే ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు. లేకపోతే నీ మనిషి వచ్చే వారం ఇంటికి అన్నాడు.

నేను సంఘ పెద్దని. సరే అనడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెబితే మీరు నవ్వుతారు. లిఫ్టు కింద అంతస్తుకి వచ్చేంత సేపు.

స్టోర్ అతను కిచెన్ వెనక డబ్బాల్లో చెయ్యిపెట్టి ఉల్లిపొట్టు మధ్యనుంచి మూడు సీసాలు ఏరుకొచ్చాడు. తడిగుడ్డతో లేబుళ్ళు తుడిచాం. ఇటలీది కాస్త గ్రేవీ పీల్చుకుంది, దాన్ని వెనక వరసలో పెడదామనుకున్నాం. నూనె పోసుకునే గరాటు కడిగి తెచ్చాడు. ఒకరు సీసా పట్టుకుని, ఒకరు గరాటు పట్టుకుని పోస్తున్నాం.

"సార్, మా ఊళ్ళ కల్లుల మందు కలిపెటోన్ని చెట్టుకు కట్టేసి కొట్టిన్రు ఒకపారి," అన్నాడతను మెల్లిగా.

"మనం ఏమీ కలపడం లేదయ్యా. అదే ద్రాక్ష. ఇల్లు మారుతోంది, అంతే," అన్నాను.

"నా కోసమేనా సార్ ఇదంత?"

హోటల్ కోసం అన్నాను. అతను గరాటు తీసి తర్వాతి సీసాకి పెట్టాడు.

సాయంత్రం పెద్దాయన కూర్చున్నాడు. మేనేజరు పక్కన చేతులు నులుముకుంటూ నిలబడ్డాడు. నేను తెల్ల చొక్కా, నల్ల టై కట్టుకుని నాలుగు గ్లాసుల వెనక నిలబడి మొదలుపెట్టాను. ఇసక నేల గురించి చెప్పాను. ముసలి తీగల వేళ్ళు ఎంత లోతుకి పోతాయో చెప్పాను. లోయలో పొగమంచు దిగడం చెప్పాను. ఇవేవీ నేను చూసినవి కావు. అయినా గోదావరి లంకల్లో తెల్లవారుజామున మంచు దిగడం చూసినవాణ్ణి కాబట్టి ఆ మంచునే కాలిఫోర్నియాలో దించేశాను. ఆయన ఒక్కో గ్లాసు ఎత్తి, వాసన చూసి, నోట్లో తిప్పి మింగాడు. మూడో గ్లాసు దగ్గర కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు వేసవి సెలవులకి ఆ కొండవాలులోనే చిన్నాన్న దగ్గరికి వెళ్ళేవాళ్ళమని, ఈ ఘాటు తనకి గుర్తేనని అన్నాడు. నేను టై సర్దుకుంటూ కిందికి చూశాను. మేనేజరు మాత్రం తల ఊపుతూనే ఉన్నాడు.

భోజనంలో బీఫ్ రెండోసారి వేయించుకున్నాడు. అది చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. నాలుగు ప్రాంతాలూ చూపిస్తామన్నాం, నాలుగూ ఆయన కడుపులోకి చేరాయి కదా, ఒకటి గ్లాసులోంచి, మూడు గిన్నెలోంచి. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను గానీ మా అయ్యగారికి చెప్పలేదు.

ఆయన్ని గదిదాకా దిగబెట్టే పని కూడా నాకే పడింది. లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. నాలుగోది తాగుతుంటే మొదటిది బాగా గుర్తొచ్చింది అన్నాడాయన, నా మొహంలోకి చూస్తూ. ఒకే వంశం కదా సార్ అన్నాను. ఆయన మీసంలో నవ్వి తల ఊపాడు. తలుపు తెరుచుకున్నాక చెప్పాడు, బుకింగు మీద మా కంపెనీ సంతకాలు పోయిన వారమే అయిపోయాయని, కాగితాలు ఇంకా మీకు చేరాల్సి ఉందని, స్టేడియాలకి దగ్గరని మా కంపెనీ వాళ్ళు మీ హోటలే ఎంచారని, ఇవాళ తను వచ్చింది భోజనానికేనని. గుడ్ నైట్ చెప్పి వెళ్ళిపోయాడు. ఒక్క సీసా తేకపోయినా ఏమీ అయ్యేది కాదు. ఇంత పాపం మూటగట్టుకున్నది అనవసరంగా అని తెలిసినప్పుడు వచ్చే కోపం ఎవరి మీద చూపించాలో ఎవరూ నేర్పరు.

ఈ మాట మేనేజరుకి చెప్పలేదు. చెబితే సీసాల ఖర్చంతా దండగేనని లెక్క తేల్చి, మళ్ళీ కత్తెర తీస్తాడు. ఆయన ఆ విజయం తన ఉపాయం వల్లేనని పై వాళ్ళకి చెప్పుకున్నాడు. ఆ సంతోషంలో స్టోర్ అతన్ని ఉంచేయడమే కాదు, నమ్మకస్తుడని మందు స్టోరు తాళం అతని పేరున రాయించాడు. తాళం ఎవరి పేరున ఉంటే వాళ్ళే ఆ గది తెరవాలి, మూయాలి. అతను ఆ సాయంత్రం నాకు అరకిలో జిలేబీ తెచ్చిచ్చాడు.

కప్పు నెల వచ్చింది. పెద్దాయన తన మందనంతా తోలుకొచ్చాడు. ఈసారి నాలుగు ప్రాంతాల సీసాలూ నిజంగానే తెప్పించి పెట్టాను. ఆ మందలో సగం మంది బీరు తాగారు, మిగతావాళ్ళు గులాబి రంగుది ఐసు వేసుకుని తాగారు. ఎర్రది పెద్దాయన, నా ఉపన్యాసం కోసం ఆయన లాక్కొచ్చిన నలుగురైదుగురు తాగారు. అసలైన నాలుగింటికీ తేడా ఎవరూ చెప్పలేదు. నేనైతే చెప్పే స్థితిలో లేను.

ఆ నెలంతా ఎవరికీ సెలవు లేదన్నారు. డబుల్ డ్యూటీ. స్టోర్ అతను తన స్టేడియంలో ఆట ఉన్న ఒక్క మధ్యాహ్నం వదలమని మేనేజరుని అడిగాడు. నేనూ వెళ్ళి అడిగాను. తాళం ఎవరి పేరున ఉంది అన్నాడాయన. మేం ఇద్దరం బయటికొచ్చేశాం.

అంతలో పెద్దాయన దగ్గర అదే ఆటకి ఒక టికెట్టు మిగిలింది. వైన్ల గురించి అంత చక్కగా చెప్పినందుకు అది నాకు ఇస్తానన్నాడు. నేను స్టోర్ అతని సంగతి చెప్పి, అతనికివ్వండి సార్ అన్నాను. ఆయన సంతోషంగా సరేనన్నాడు. మేనేజరు మాత్రం కుదరదన్నాడు. పైగా అతిథి ఇచ్చిన టికెట్టు వద్దంటే మర్యాద కాదు, నువ్వే వెళ్ళు అన్నాడు. ఫుట్‌బాల్లో ఎటువైపు గోలు కొడతారో తెలియని నేను, మిగిలిన అమెరికావాళ్ళతో కలిసి బస్సెక్కడానికి తయారయ్యాను. అంత సిగ్గుగా నేను ఏ ఊరికీ ప్రయాణం కట్టలేదు.

బస్సు దగ్గరికి నీళ్ళ సీసాలు మోసుకొచ్చాడతను. మొహంలో కోపమేమీ లేదు. "దక్షిణం దిక్కు గేటు కాడ, మీది అంతస్తుకు పోయే మెట్లు సార్. ఎడమ చేతి దిక్కుయి. జర జూసి రాన్రి," అన్నాడు. తప్పకుండా చూస్తానన్నాను.

మా సీట్లు ఉత్తరం వైపు పడ్డాయి. ఆట మొదలయ్యాక లేచి చుట్టూ తిరిగి వెళ్దామని చూశాను. పెద్ద పెద్ద స్పాంజి చేతులు తొడుక్కుని దారి చూపించే పిల్లలు ఎక్కడికక్కడ ఆపి, మీ గేటు అటు సార్ అని నవ్వుతూ వెనక్కి పంపించారు. విశ్రాంతి సమయంలో ఇంకోసారి ప్రయత్నించాను. జనం ఎదురొచ్చారు. ఎదురుగా, మైదానం అవతల, ఆ మెట్లు ఉండాల్సిన చోట రంగురంగుల చుక్కల్లా మనుషులు కదలడం మాత్రం కనిపించింది.

తిరిగొచ్చి నేరుగా స్టోర్‌కి వెళ్ళాను. అతను అట్టపెట్టెలు దించుతున్నవాడు ఆపేశాడు.

"పోయిన్రా సార్ ఆ మెట్ల కాడికి?"

వెళ్ళలేకపోయానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వెళ్ళానన్నాను. బ్రహ్మాండంగా కట్టారయ్యా అందామని మాట సిద్ధం చేసుకుంటున్నాను. అతను అది అడగలేదు.

"ఎవలన్న తట్టుకున్నరా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఆ మెట్లలో ఒకటి మిగతావాటికన్నా కొంచెం ఎత్తయిందట. స్టీల్ కట్టింది తనే. ఎత్తు తేడా వచ్చిందని తెలిసి చెప్పబోయేసరికి యల్లా యల్లా, కానీ కానీ అంటూ కాంక్రీటు పోసేశారట. తర్వాత సరిచేశారో లేదో తెలియదు, కంపెనీ మారిపోయాడు.

"ఊరి జనమంత ఒక్కపారి దిగుతుంటరు గద సార్. పిల్లలుంటరు, ముసలోళ్ళుంటరు. ఎవల కాలన్న తల్గుతదేమోనని నాకు పానం గుంజుతనే ఉంటది. అందుకే పోయి ఆడ నిలవడుదమనుకున్న. ఇది మెట్టు, జర పైలం అని జెప్తుందమని," అన్నాడు.

ఇన్నాళ్ళూ అతను నవ్వి ఊరుకున్నది దీనికి. తను కట్టిన గొప్ప చూసుకోవడానికి వెళ్తానంటున్నాడని నేననుకున్నాను.

"ఎవరూ తట్టుకోలేదు," అన్నాను. "చాలాసేపు అక్కడే నిలబడి చూశాను. అందరూ మామూలుగానే దిగారు."

"ముసలోళ్ళు గూడ?"

"ముసలివాళ్ళు కూడా."

అతను అట్టపెట్టె మీద కూర్చుని రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. నాలుగు గ్లాసుల రోజున నా అబద్ధం మీద నాకు అసహ్యం వేసింది. ఈ అబద్ధం ఇంకాస్త బాగా చెప్పి ఉండాల్సిందని మాత్రం ఇప్పటికీ అనుకుంటాను. ఆట ఎవరు గెలిచారని అతను అడగలేదు. నేనూ చెప్పలేదు.